పొద్దున్నే గరగర, మధ్యాహ్నానికి సిస్టం ఆఫ్: ఫ్యాను మారిస్తే సరిపోతుందా, బోర్డే పోయిందా?

గోపాలపట్నం_జిరాక్స్
మే 11, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. గోపాలపట్నంలో మాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. షాపులో సిస్టం 2014లో అసెంబుల్ చేయించింది. ఐ3 4130 ప్రాసెసరు, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్. రెండేళ్ళ కిందట ఎస్‌ఎస్‌డీ వేయించాం, అంతే. మళ్ళీ దాని మూత తీసింది లేదు.

నెల్రోజుల నుంచి పొద్దున ఆన్ చెయ్యగానే గరగరమని చప్పుడు. పిండిమరలో గింజలు అయిపోయాక రాయి ఒట్టిగా తిరుగుతుందే, ఆ మోత. పది నిమిషాలకి తగ్గిపోతుంది. వారం నుంచి ఇంకో బాధ మొదలైంది. పన్నెండు దాటాక ఉన్నట్టుండి ఆగిపోతోంది. వెంటనే ఆన్ చేస్తే రెండు నిమిషాలకి మళ్ళీ ఆఫ్. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు వస్తుంది.

నిన్న తెలిసినవాళ్ళు ఒక టెక్నీషియన్ని పంపారు. చప్పుడు విని, "మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్త సెట్టు 22 వేలవుద్ది" అన్నాడు. మూత కూడా తియ్యలేదు. హాల్‌టికెట్ల ప్రింట్లకి పిల్లలు గుమ్మంలో నిలబడే రోజులివి. 22 వేలు పెట్టాల్సిందే అయితే పెడతాను. కానీ నిజంగా బోర్డే పోయిందో లేదో తెలుసుకుని పెడదామని అడుగుతున్నాను.

మధురవాడ_ఐటీ
మే 11, రాత్రి 10:15

నమస్తే అండి. కాస్త కటువుగా ఉంటే ఏమనుకోకండి. అది నాలుగో తరం ప్రాసెసరు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. మీ దగ్గర జనం ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేయించుకుంటారు కదా, వాళ్ళ కాగితాల భద్రత కోసమైనా ఎప్పటికైనా మార్చక తప్పదు. ఫ్యానుకీ, ప్రాసెసరు మీద పెట్టే పేస్టుకీ ఖర్చు పెట్టి, మళ్ళీ ఆరు నెలలకి సెట్టు కొనేకంటే ఇప్పుడే మార్చేస్తే నయం కదా అని నా ఆలోచన.

కంచరపాలెం_మాస్టారు
మే 11, రాత్రి 10:52

తమ్ముడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ అది రేపటి లెక్క. ఇప్పుడు సీజను నడుమ సిస్టం ఆగిపోతోంది, ముందు దాన్ని చూద్దాం. కొత్త సెట్టు నెమ్మదిగా, నాలుగు షాపులు తిరిగి కొనుక్కోవాలి గానీ భయంతో కొనకూడదు.

అమ్మా, నేను ఒక పాలిటెక్నిక్ లాబ్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చప్పుడు విని రోగం పేరు చెప్పేసేవాళ్ళని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నువ్వు రాసినదాంట్లో రెండు సంగతులున్నాయి. పొద్దున గరగరమని, వేడెక్కాక తగ్గే చప్పుడు ఫ్యాను బేరింగుది, అంటే ఇరుసు తిరిగే భాగానిది. లోపలి నూనె ఎండిపోయి జిగురులా అయితే చల్లగా ఉన్నప్పుడు ఇరుసు పట్టేస్తుంది, వేడికి కాస్త వదులవుద్ది. ఇక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్ళీ రావడం వేడి లక్షణం. బోర్డు పోతే అరగంట విశ్రాంతికి బాగవ్వదు.

రేపు షాపు తెరిచే ముందు స్విచ్చి ఆపి, వెనక ప్లగ్గు పీకి, పవర్ బటను ఒకసారి నొక్కి వదిలెయ్యి, మిగిలిన కరెంటు దిగిపోద్ది. పక్క మూత తీసి ప్రాసెసరు మీదున్న పెద్ద ఫ్యాను రేకుని చిటికెన వేలితో ఒక్క తోపు తోసి చూడు. బాగున్న ఫ్యాను ఆగకుండా నాలుగైదు చుట్లు తిరుగుద్ది. తర్వాత రేకు పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడు, ఎంత ఆడుతోందో చెప్పు. ఫోటో ఉంటే ఇంకా మంచిది.

డాబాగార్డెన్స్_సర్వీసు
మే 11, రాత్రి 11:20

గురూగారు చెప్పింది కరెక్టు. నేను సర్వీసులోనే ఉన్నాను కాబట్టి ఇంకో మాట అడుగుతాను. మేడం, ఆగిపోయే ముందు సిస్టం బాగా నెమ్మదిస్తోందా? ప్రాసెసరు వేడి 100 డిగ్రీల దగ్గరికి పోతే ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా పవర్ తనే కట్ చేస్తుంది. ఏ ఎర్రర్ లేకుండా టప్పున ఆగిపోవడం అందుకే. అది చెడిపోవడం కాదు, తనని తాను కాపాడుకోవడం.

ఆన్ చేసేటప్పుడు డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర వస్తుంది. అందులో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో సీపీయూ (అంటే ప్రాసెసరు) టెంపరేచరు, ఫ్యాను ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) ఉంటాయి. రెండూ రాసి పెట్టండి.

గోపాలపట్నం_జిరాక్స్
మే 12, ఉదయం 8:35

మాస్టారూ, తీశాను. మొదటిసారి కదా, చేతులు వణికాయి. మా అమ్మాయి టార్చి పట్టుకుంది.

ఫ్యానుని తోస్తే చుట్టున్నర తిరిగి ఆగిపోయింది. రేకు పట్టుకుని కదిపితే వదులు గాజులా టిక్కుటిక్కుమని ఆడుతోంది. ఫ్యాను సందుల్లోంచి కిందకి టార్చి వేసి చూస్తే అల్యూమినియం రేకుల మధ్య నల్లగా, దట్టంగా, దుప్పటి పరిచినట్టుంది. కాటుక డబ్బా అడుగు ఎలా ఉంటుందో అలా. వేలితో తీస్తే వేలికి అంటుకుంది, చీరకి తుడిస్తే మరక పోలేదు.

బయోస్‌లో ఆన్ చేసిన ఐదు నిమిషాలకే 81 డిగ్రీలు. ఫ్యాను 1100 చూపిస్తుంది, వెంటనే 640కి పడుతుంది, మళ్ళీ పైకి వస్తుంది. ఒకసారి సున్నా కూడా చూపించింది. సర్వీసు బాబూ, మీరడిగింది నిజం. ఆగే ముందు పీడీఎఫ్ తెరుచుకోడానికి ఒక నిమిషం పడుతోంది. నెట్టు స్లో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

డాబాగార్డెన్స్_సర్వీసు
మే 12, ఉదయం 9:10

మేడం, జిరాక్స్ మిషను సీపీయూ డబ్బాకి ఎంత దూరంలో ఉంది? మిషను వేడిగాలి బయటికొచ్చే జాలీ ఎటు తిరిగుంది? మీరు కాటుక అన్నది మామూలు దుమ్ము కాదు, టోనర్ అనిపిస్తోంది.

గోపాలపట్నం_జిరాక్స్
మే 12, ఉదయం 9:24

పక్కపక్కనే ఉన్నాయి. సీపీయూ కింద నేల మీద ఉంది. మిషను జాలీ నేరుగా సీపీయూ మూత వైపే.

డాబాగార్డెన్స్_సర్వీసు
మే 12, ఉదయం 9:41

అదే సగం కారణం. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి. వేడికి మెత్తబడి కాగితానికి అంటుకోవడానికే దాన్ని తయారుచేస్తారు. అది వేడి హీట్‌సింకు (మీరు చూసిన అల్యూమినియం రేకులు) మీద, కాగితం నూగుతో కలిసి పడితే ఇలా దట్టంగా పట్టేస్తుంది. శుభ్రం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు పెట్టొద్దు, దాని ఫిల్టరుకి టోనర్ ఆగదు, గదంతా చిమ్ముతుంది. చేతికీ బట్టకీ అంటితే చన్నీళ్ళతోనే కడగండి, వేణ్ణీళ్ళు తగిలితే మరక ఉండిపోతుంది. షాపు బయటికి తీసుకెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి. బ్లోయరు వాడితే ఫ్యాను రేకుల్ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలికి విచ్చలవిడిగా తిరిగితే ఉన్న బేరింగు కూడా పోతుంది.

పెదవాల్తేరు_అలలు
మే 12, మధ్యాహ్నం 1:05

మాది సముద్రానికి రెండు వీధుల అవతల. ఇక్కడ దుమ్ము పొడిగా ఉండదు అక్కా, ఉప్పు తేమకి ముద్దలా అతుక్కుంటుంది. ఏడాదికొకసారి విప్పకపోతే క్యాబినెట్ స్క్రూల తలలు తుప్పు పట్టి స్క్రూడ్రైవరు జారిపోతుంది. బ్రష్షుతో పోకపోతే మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, దాంతో హీట్‌సింకు తుడిస్తే మెరిసిపోతుంది. ఆరాకే బిగించండి.

ఫ్యానుకి నేనైతే కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాను ఒకసారి. మధ్య స్టిక్కరు తీస్తే రబ్బరు బిళ్ళ, దాని కింద ఇరుసు. చప్పుడు పోయింది. మీరు కూడా అలా చెయ్యొచ్చేమో?

కూర్మన్నపాలెం_షిఫ్ట్
మే 13, తెల్లవారుజాము 3:20

నైట్ షిఫ్టులో టీ బ్రేకు, అందుకే ఈ టైములో. అక్కా, మా నాన్న కొబ్బరినూనె వేసీవాడు. ఓ నెల బాగుండీది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడతాది కదా, డిసెంబరు తెల్లారగట్ట ఆన్ చేస్తే ఫ్యాను కదిలీది కాదు. ఇంట్లో నూనె ఏదీ వద్దు. నూనె గట్రా మానేసి కొత్తది కొనీసుకో, బేగి అవుద్ది.

కంచరపాలెం_మాస్టారు
మే 13, ఉదయం 7:15

నూనె సంగతి వివరంగా చెబుతాను, చాలామందికి పనికొస్తుంది.

చవక ఫ్యాన్లలో ఎక్కువగా ఉండేది స్లీవ్ బేరింగు. అంటే ఇత్తడి గొట్టంలాంటి దాంట్లో ఇనుప ఇరుసు, మధ్యలో పల్చటి నూనె పొర. ఆ పొర ఉన్నంతకాలం లోహానికి లోహం తగలదు. నూనె ఎండితే తగులుద్ది, గొట్టం అరుగుద్ది. నూనె ఎండినంత మాత్రాన ఉన్న ఫ్యానుకి పెదవాల్తేరు బాబు చెప్పినట్టు కుట్టుమిషను నూనె చుక్క వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. కానీ ఈ అమ్మ ఫ్యాను రేకు వదులు గాజులా ఆడుతోందంది. అంటే గొట్టం అరిగి గుండ్రం పోయింది. అరిగిన లోహాన్ని నూనె తిరిగి తేలేదు. రోజూ పది గంటలు నడిచే షాపు సిస్టానికి అలాంటి ఫ్యాను మీద నమ్మకం పెట్టకూడదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. మా ఇంటి కిటికీ రెక్కలు ఊడి గదిలోకి వానజల్లు కొట్టింది. కరెంటు తిరిగొచ్చేదాకా సిస్టం ముట్టుకోలేదు. ఆరబెట్టి, తుడిచి, ఫ్యానుకి నూనె వేసి వాడాను. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో నెలలో ఓ రాత్రి ఏదో కాపీ పెట్టి పడుకున్నాను. లేచేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది, హార్డ్‌డిస్కు పక్కన చెయ్యి పెడితే చురుక్కుమంది. చప్పుడు చేస్తూ పోయే ఫ్యాను చెప్పి పోతుంది. నూనె వేసి నోరు మూయించిన ఫ్యాను చెప్పకుండా పోతుంది. అప్పటినుంచి ఆడుతున్న ఫ్యానుకి నూనె వెయ్యడం మానేశాను.

అందుకని అమ్మా, కొత్తదే. ప్రాసెసరుతో వచ్చిన ఇంటెల్ కూలరులో ఫ్యాను గుండ్రటి ప్లాస్టిక్ చట్రంలో క్లిప్పులతో ఉంటుంది, విడిగా ఆ కొలతకి దొరకడం కష్టం. హీట్‌సింకుతో కలిపి మొత్తం కూలరే మార్చాలి. నీ ప్రాసెసరు 54 వాట్లది, పెద్ద కూలరు అక్కర్లేదు. మామూలుది చాలు.

డాబాగార్డెన్స్_సర్వీసు
మే 13, ఉదయం 9:02

కొనేటప్పుడు సాకెట్టు (బోర్డులో ప్రాసెసరు కూర్చునే చోటు) పేరు చెప్పండి: ఎల్‌జీఏ 1150. బోర్డు మీద కూలరు కాళ్ళు దిగే నాలుగు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, అంటే స్కేలు మీద ఏడున్నర సెంటీమీటర్లు. 1155, 1151, 1200 సాకెట్లకీ ఇదే కొలత కాబట్టి వాటిలో ఏది రాసి ఉన్నా సరిపోతుంది. పాత 775ది 72 మిల్లీమీటర్లు, కొత్త 1700ది 78. మూడు మిల్లీమీటర్లే తేడా, చూపుకి అన్నీ ఒకేలా ఉంటాయి. ప్లగ్గు నాలుగు పిన్నులది అయి ఉండాలి. నలుపు గ్రౌండు, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ వేగం చెప్పేది, నీలం వేగం మార్చేది. ఆ నాలుగో తీగ ఉంటేనే వేడిని బట్టి బోర్డు ఫ్యానుని సన్నంగా పెంచుతుంది, తగ్గిస్తుంది.

గోపాలపట్నం_జిరాక్స్
మే 14, రాత్రి 8:30

ద్వారకానగర్ వెళ్ళొచ్చాను. మీరు కొలతలు రాయకపోయుంటే ఇవాళ సరిపోని కూలరు తెచ్చుకుని మళ్ళీ తిరగాల్సొచ్చేది.

మొదటి షాపులో అబ్బాయి డబ్బా తీసి "ఇంటెల్ ఏదానికైనా పడుద్ది మేడం" అన్నాడు. నా బ్యాగులో మా షాపు స్కేలు ఉంది. కాలు మొన నుంచి కాలు మొన దాకా పెట్టి చూశాను. ఏడుంపావు కంటే కొంచెం తక్కువ. ఏడున్నర రాలేదు. ఆ అబ్బాయే మళ్ళీ డబ్బా తిప్పి చదివి, "775ది మేడం, సారీ" అని లోపల పెట్టేశాడు. రెండో షాపులో సరైనది దొరికింది. కూలరు 450, థర్మల్ పేస్టు ట్యూబు 150, వెనక వైపుకి చిన్న ఫ్యాను 180. క్యాబినెట్ వెనక ఫ్యాను పెట్టే చోటు ఖాళీగా ఉందని ఇప్పుడే చూశాను.

రేపు మధ్యాహ్నం షాపు మూసి బిగిస్తాను. ఎలా విప్పాలో, ఎలా పెట్టాలో చెప్పండి.

కంచరపాలెం_మాస్టారు
మే 14, రాత్రి 9:40

స్కేలు పట్టుకెళ్ళావు చూడు, అదీ పద్ధతి.

విప్పే ముందు ఒక పది నిమిషాలు సిస్టం నడపమ్మా. పాత పేస్టు వేడికి మెత్తబడుద్ది, ఊడదీసేటప్పుడు గుంజాల్సిన పనుండదు. తర్వాత కరెంటు తీసేసి, క్యాబినెట్ని పక్కకి పడుకోబెట్టు. ముందు ఫ్యాను ప్లగ్గు పీకు. కూలరు కాళ్ళ తలల మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం వైపు, అంటే ఎడమకి, పావు చుట్టు తిప్పి పైకి లాగు. నాలుగూ అలాగే. ఇప్పుడు కూలరుని గడియారం ముల్లులా అటూ ఇటూ కొంచెం తిప్పి పైకి తియ్యి, నిట్టనిలువుగా గుంజకు. నీ ఇంటెల్ బోర్డులో ప్రాసెసరుకి ఇనుప తాళం ఉంటుంది కాబట్టి భయం లేదు. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డుల్లో గుంజితే ప్రాసెసరు కూలరుతో కలిసి ఊడొస్తుంది, అడుగున సూదులు వంగిపోతాయి. ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

పాత పేస్టుని పల్చటి నూలుగుడ్డకి ఆల్కహాల్ తడిపి తుడిచెయ్యి. ప్రాసెసరు పై రేకులో నీ ముఖం కనిపించేలా ఉండాలి. కొత్త పేస్టు మధ్యలో కందిగింజంత. రాయకు, పులమకు, కూలరు బరువుకి అదే పరుచుకుంటుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లబడదు. లోహానికీ లోహానికీ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి ఉంటుంది, ఆ గాలిని తోసేసి నింపడానికే పేస్టు. మందంగా పూస్తే అదే అడ్డమవుద్ది. కొత్త కూలరు అడుగున ముందే బూడిదరంగు పేస్టు పూసి ఉంటే అది చాలు, ట్యూబు దాచుకో.

ఇక కాళ్ళు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తలలన్నీ కుడివైపుకి తిప్పి మొదటి చోటికి తే. నాలుగు తెల్ల కాళ్ళూ రంధ్రాల్లో కూర్చున్నాయో లేదో చూసుకుని ఒక మూలది, దానికి ఎదురు మూలది నొక్కు. టక్కుమని వినపడాలి. తర్వాత మిగిలిన రెండూ. పక్కపక్కవి వరసగా నొక్కితే కూలరు ఒరుగుద్ది. అయ్యాక కూలరు పట్టుకుని ఊపి చూడు, బోర్డుతో పాటు కదలాలి గానీ విడిగా కదలకూడదు.

కూర్మన్నపాలెం_షిఫ్ట్
మే 15, తెల్లవారుజాము 4:05

వెనక ఫ్యాను దిశ సూసుకో అక్కా. స్టిక్కరు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ కర్రలు ఏ వైపున్నాయో ఆ వైపుకే గాలి పోద్ది. నీకు గాలి బయటికి పోవాలి కాబట్టి కర్రలు బయట గోడ వైపుకి రావాలి. అనుమానముంటే బిగించాక ఓ అగరుబత్తి ఎలిగించి వెనకాల పెట్టి సూడు, పొగ దూరంగా కొట్టాలి. లోపలికి లాగిందంటే తిరగేసి పెట్టావన్నమాట. మూడు పిన్నులదైనా బోర్డు మీద సిస్ ఫ్యాన్ అని రాసున్న దాంట్లో పెట్టొచ్చు. నాలుగో పిన్ను ఖాళీగా ఉంటాది, ఏటీ కాదు.

అనకాపల్లి_బెల్లం
మే 15, ఉదయం 10:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకూ ఇలాంటి గరగరే, కానీ వెనక కరెంటు వైరు పెట్టే డబ్బాలోంచి వస్తోంది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను అనుకుంటా. నాలుగు స్క్రూలే కదా, విప్పి ఫ్యాను మార్చేద్దామా? లోపల సోల్డరింగు చెయ్యడం నాకు వచ్చు.

కంచరపాలెం_మాస్టారు
మే 15, ఉదయం 10:44

విప్పకు బాబూ. టీవీలూ రేడియోలూ బాగుచేసే చేతులకి కూడా ఇదే మాట చెబుతాను.

మిగతా సిస్టంలో ఉన్నది 12 వోల్టులు, తగిలినా తెలీదు. ఆ డబ్బాలోకి వచ్చేది 230 వోల్టుల ఏసీ. దాన్ని డీసీగా మార్చి నిలవ ఉంచే పెద్ద కెపాసిటరులో 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా అది కొంతసేపు అలాగే ఉంటుంది. ఎంతసేపన్నది డబ్బా డబ్బాకీ మారుద్ది. లాబ్‌లో ఒకసారి ప్లగ్గు పీకి టీ తాగొచ్చాను కదా అని చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాకా కొట్టింది, బల్ల అంచుకి తగిలి చర్మం లేచిపోయింది. ఆ మచ్చ ఇంకా ఉంది. చెయ్యి గుండె వైపుది అయ్యుంటే ఈ రాత రాసేవాణ్ణి కాదు.

డబ్బా మొత్తం మార్చు. పాత డబ్బాలో ఫ్యాను అరిగిందంటే, ఆ వేడికి లోపలి కెపాసిటర్లు కూడా ఉబ్బే దశలో ఉండొచ్చు.

అనకాపల్లి_బెల్లం
మే 15, ఉదయం 10:58

సరే మాస్టారూ. స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను. డబ్బా ఎన్ని వాట్లదో చూసి కొత్తది తెస్తాను.

గోపాలపట్నం_జిరాక్స్
మే 15, సాయంత్రం 6:20

అయిపోయింది!

రెండింటికి షట్టరు సగం దించి మొదలుపెట్టాను. మాస్టారూ, మీరు చెప్పినట్టు నాలుగు కాళ్ళూ తిప్పబోతే ఒకటి అసలు బిగిసే లేదు. తల పైకి లేచి ఊగుతోంది. అంటే ఇన్నాళ్ళూ కూలరు మూడు కాళ్ళ మీద ఒక పక్కకి ఒరిగి ఉందన్నమాట. రెండేళ్ళ కిందట షాపు ఈ గదికి మార్చినప్పుడు సీపీయూని ఆటోలో వేసి తెచ్చాం, అప్పుడు ఊడి ఉంటుంది. పాత పేస్టు ఎండి సున్నం పెచ్చులా రాలింది. ఒక మూల అసలు అంటిన జాడే లేదు.

తుడిచి కందిగింజంత పేస్టు పెట్టాను. మొదటి రెండు కాళ్ళూ టక్కుమన్నాయి. మూడోది ఎంత నొక్కినా చప్పుడు రాలేదు. బోర్డు వంగుతుంటే విరిగిపోతుందేమోనని గుండె దడదడలాడింది. అన్నీ తీసి చూస్తే ఆ కాలి తల పూర్తిగా వెనక్కి తిప్పలేదు. తిప్పి, మళ్ళీ పేస్టు తుడిచి కొత్తగా పెట్టి నొక్కాను. నాలుగూ టక్కుమన్నాయి. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు బయోస్‌లో 39 డిగ్రీలు. షాపులో వేడి 34 ఉంది. మూడు గంటలు ప్రింట్లు, స్కాన్లు అన్నీ ఒకేసారి నడిపించాను, 61 దాటలేదు. ఫ్యాను 1200 దగ్గర నిలకడగా ఉంది. చప్పుడు ఎంత లేదంటే, ఆన్ అయిందో లేదో అని లైటు చూసుకోవాల్సొచ్చింది. అగరుబత్తి పొగ కూడా బయటికే పోయింది తమ్ముడూ. సీపీయూని చెక్క పీట మీద, మిషనుకి అవతలి వైపు పెట్టాను.

డాబాగార్డెన్స్_సర్వీసు
మే 15, రాత్రి 7:02

మూడు కాళ్ళ కూలరు! నేను ఫోటో చూసినా పట్టుకునేవాణ్ణి కాదేమో. సర్వీసుకొచ్చే సిస్టాల్లో ఇకనుంచి ఫ్యాను కంటే ముందు కాళ్ళే చూస్తాను. అందరికీ ఒక మాట: ఈ ప్లాస్టిక్ కాళ్ళ కూలరు ఉన్న సిస్టంని ఇల్లు మారేటప్పుడు పడుకోబెట్టి తీసుకెళ్ళండి, బోర్డు కిందకీ కూలరు పైకీ ఉండేలా.

మధురవాడ_ఐటీ
మే 15, రాత్రి 9:30

చాలా సంతోషం అండి. మొదట నేను చెప్పిన సలహా తొందరపాటు. 780 రూపాయల్లో అయ్యే పనికి 22 వేలు పెట్టించేవాణ్ణి. విండోస్ సంగతి మాత్రం మర్చిపోకండి. సీజను అయ్యాక చెప్పండి, ఓ ఆదివారం వచ్చి జనం కాగితాలు ఆ సిస్టంలో నిలవ ఉండకుండా ఎలా చేసుకోవాలో చూపిస్తాను. బ్యాకప్ కూడా పెడతాను. డబ్బులేమీ వద్దు.

గోపాలపట్నం_జిరాక్స్
జూన్ 6, రాత్రి 9:15

రోహిణి కార్తె దాదాపు గడిచింది. ఒక్క రోజు కూడా ఆగలేదు. ఉక్కపోతకి మనుషులమే కూలబడ్డాం గానీ సిస్టం 64 దాటలేదు. మధురవాడ బాబు వచ్చి వెళ్ళాడు, మా అమ్మాయికి బ్యాకప్ నేర్పించాడు.

మాస్టారూ, పక్కన మందుల షాపు బిల్లింగ్ సిస్టం కూడా పొద్దున్నే గరగరమంటోంది. వాళ్ళు నన్ను చూడమన్నారు. మూత తీసి రేకు కదిపాను, ఆడుతోంది. కాళ్ళు నాలుగూ బిగిసే ఉన్నాయి. స్కేలు పెట్టాను, ఏడున్నర. ఆదివారం ద్వారకానగర్ వెళ్తున్నాను. నా దగ్గర పేస్టు ట్యూబులో సగం మిగిలింది, అది వాడొచ్చా, పాడైపోయుంటుందా?

కంచరపాలెం_మాస్టారు
జూన్ 6, రాత్రి 9:33

మూత గట్టిగా పెట్టి నీడలో ఉంచావు కదా, మూడు వారాలకి ఏమీ అవ్వదు. వాడేముందు మొదటి చుక్క కాగితం మీద పిండి చూడు. నూనె విడిగా కారితే ట్యూబు మూతతోనే కాసేపు పిసికి, మళ్ళీ చూసి వెయ్యి. కందిగింజంతే సుమా.